ఆడవాళ్ళ గుమ్మం మూసిందెవరు

పోయిన వారం చదవనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఎక్కువ చెప్పడం నాకు రాదు.

ఎడారి అంచున తోజర్ ఊళ్ళో ఇటుక ఇళ్ళ సందు చివర మా ఇల్లు. మా తాత సాసి కట్టించాడు. వీధి వైపు ఒకే ముఖం, ఒకే తలుపు. లోపల మాత్రం ఇద్దరు కొడుకులకి రెండు ఇళ్ళు. వీధి తలుపు తీస్తే వంపు తిరిగిన నడవ వస్తుంది. నడవలో ఎడమ వైపు గుమ్మం మా నాన్న అమోర్‌ది. కుడి వైపుది మా బాబాయి తాహెర్‌ది. రెండు లోగిళ్ళ మధ్య గోడలో ఇంకో చిన్న గుమ్మం ఉండేది. అది ఆడవాళ్ళది. నేను పాలు తాగే వయసులో ఉండగా దాన్ని ఇటుకలతో మూసేశారు.

మా సందులో ఒక కట్టుబాటు ఉంది. అన్నదమ్ముల మధ్య ఆడవాళ్ళ గుమ్మం ఎవరు మూస్తే, ఉమ్మడిలో వాళ్ళ భాగం వాళ్ళు వదులుకున్నట్టే. మాకు ఉమ్మడి అంటే ఆ నడవ ఒక్కటే.

మూసింది మా నాన్నే అని తాహెర్ బాబాయి కొడుకు హమ్మాది అంటున్నాడు. అందుకని నడవ మొత్తం తనదే అంటున్నాడు. తన ఇంటిని, నడవని, వీధి ముఖాన్ని కలిపి స్ఫాక్స్ పట్నం నుంచి వచ్చిన నౌఫల్‌కి అమ్మడానికి మాట ఇచ్చాడు. నౌఫల్ అక్కడ హోటల్ పెడతాడట. నడవ పోతే మా అక్క మహబూబాకీ నాకూ వీధిలోకి దారి ఉండదు. దారి లేని ఇంటిని నౌఫల్ ఎంతకడిగితే అంతకి ఇచ్చి పోవాలి.

శుక్రవారం నమాజు అయ్యాక పెద్దమనిషిని తీసుకొస్తానని హమ్మాది చెప్పి వెళ్ళాడు. అక్కడ ఆగాం.

శుక్రవారం వచ్చింది. వాళ్ళూ వచ్చారు.

ముందు హాజీ త్లీలీ. మా సందులో ఆయన మాటే ఆఖరు. చుట్టం కాకపోయినా అక్క ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. తొంభై దాటాయి. చెవి ఒకటి పనిచేయదు, తనకి నచ్చని మాట ఎప్పుడూ ఆ చెవి వైపే పడుతుంది. ఆయన వెనక హమ్మాది, ఇస్త్రీ చేసిన తెల్ల జుబ్బాలో. వాడి వెనక నౌఫల్, నల్ల కళ్ళద్దాలు తలమీదకి ఎత్తుకుని, మా గోడల ఇటుకలు చూసుకుంటూ.

మా అక్క లోగిలి మధ్యలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి. ఎదురుగా కుంపటి. కుంపట్లో నిప్పు లేదు. టీ గిన్నె బోర్లించి ఉంది. అది చూడగానే హాజీ త్లీలీ ముఖం మారింది. మా లోగిలికి వచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడం ఆయన ఎరిగి ఎప్పుడూ జరగలేదు.

"ఏం మహబూబా, బొగ్గులు అయిపోయాయా?"

"ఉన్నాయి బాబాయ్. నీకొక్కడికే ఇద్దామంటే వీళ్ళు కూడా చెయ్యి చాపుతారని పెట్టలేదు."

హమ్మాది దగ్గాడు. "అక్కా, మేం గొడవకి రాలేదు."

"మరి దేనికి వచ్చావురా? నా దారి నాకు పెళ్ళి కానుకగా ఇవ్వడానికా?"

నౌఫల్ నవ్వాడు. హమ్మాది వాడివైపు చూసేసరికి ఆపేశాడు.

హాజీకి నేను చాప వేశాను. గోడకి ఆనుకుని కూర్చుని తస్బీహ్ జపమాల పూసలు చేతిలోకి తీసుకున్నాడు. మిగతా ఇద్దరూ నిలబడే ఉన్నారు. కూర్చోమని మేం అనలేదు.

హమ్మాది మొదలుపెట్టాడు. వాడికి మాటలు బాగా వచ్చు, కాలేజీ చదివాడు. తాత కాలం నుంచి ఎత్తుకున్నాడు. తాత ఏటి పక్కన ఆవం పెట్టి, ఈతమట్టలతో ఇటుక కాల్పించడం. నానమ్మ శాలువా మీది అల్లికలు చూసి వీధి ముఖం మీద ఇటుకలు వెనకా ముందూ పేర్పించడం. ఊరందరూ వచ్చి చూడటం. అంతా నిజమే. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"తాత పోయాక అమోర్ పెదనాన్నకి మా నాన్నతో మాట తేడా వచ్చింది. పెదనాన్న మేస్త్రీని పిలిపించి ఆడవాళ్ళ గుమ్మం మూయించాడు. ఇది మా నాన్న నాతో చెప్పిన మాట. తమ్ముడు వద్దని కాళ్ళు పట్టుకున్నా వినలేదట. కట్టు ప్రకారం ఆ రోజే నడవలో వాళ్ళ భాగం పోయింది. ఇన్నేళ్ళూ మేం దారి ఇచ్చామంటే అది మా మంచితనం."

"మంచితనం," అంది అక్క. "వరద వచ్చిన ఏడాది చుట్టుపక్కల మట్టి ఇళ్ళన్నీ కూలిపోయాయి. జనం మేకలతో సహా ఆ నడవలో పడుకున్నారు. ఎడమ వైపు తలుపు తీసి వాళ్ళకి వండి పెట్టింది ఎవరు? అప్పుడు కుడి వైపు గడియ వేసుకుని కూర్చుంది ఎవరు? బాబాయ్, నువ్వూ ఉన్నావుగా అక్కడ. నా చేతి బార్లీ జావ తాగావు."

"ఉప్పు ఎక్కువైంది," అన్నాడు హాజీ.

"తాగావా లేదా?"

"తాగాను."

హమ్మాది చెయ్యి ఊపాడు. "వరద సంగతి కాదు ఇప్పుడు. గోడ సంగతి. మూసింది ఎవరు అన్నది ఒక్కటే."

"ఆ ఒక్కటే చూద్దాం," అని అక్క లేచింది.

ఆమె లేవడానికి కాస్త సమయం పడుతుంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని లేచింది. నేరుగా నడిమి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆ గోడలో ఒక చోట, తలుపంత మేర, సున్నం పూత ఉంటుంది. మా ఇంట్లో ఇంకెక్కడా పూత లేదు. మా నాన్న పూత వేయనిచ్చేవాడు కాదు. కాల్చిన ఇటుకకి సున్నం పూయడమంటే అందమైన ముఖానికి బురద రాయడం అనేవాడు. ఆ ఒక్క చోట మాత్రం తనే పూశాడు. ఏటా పండక్కి తనే మళ్ళీ పూసేవాడు. మమ్మల్ని గరిటె ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"లజహర్, నీ కొడవలి ఇలా ఇవ్వు."

ఈతగెలలు కోసే కొడవలి. నా నడుముకే ఉంటుంది. ఇచ్చాను.

"ఏం చేస్తావు?" అన్నాడు హమ్మాది.

"గీకుతా. ఇటుక పేర్చినవాడు ఏ వైపు నిలబడ్డాడో గోడే చెబుతుంది."

నౌఫల్‌కి అర్థం కాలేదు. "అదెలా?" అని అడిగాడు. హాజీ త్లీలీయే చెప్పాడు. మేస్త్రీ ఇటుక పెట్టి నొక్కితే తడి సున్నం రెండు పక్కలా బయటికి వస్తుంది. తన వైపు వచ్చింది గరిటెతో తుడిచి ఇటుకల మధ్య దర్జు నున్నగా తీర్చుతాడు. అవతలి వైపు చెయ్యి అందదు. అది అలాగే కారి ఎండిపోతుంది. నున్నగా ఉన్నది మేస్త్రీ నిలబడ్డ వైపు, గడ్డలు కట్టింది అవతలి వైపు.

"ఎవరింట్లో నిలబడి కట్టాడో వాళ్ళే కట్టించినట్టు," అంది అక్క. "పోట్లాడి గుమ్మం మూసుకునేవాడి మేస్త్రీకి అవతలి ఇంట్లో చోటు ఇస్తారా ఎవరైనా? చెప్పు హమ్మాదీ, ఇస్తారా?"

"ఇవ్వరు," అన్నాడు హమ్మాది.

"ఆ మాట బాబాయ్‌కి వినిపించేలా చెప్పు. ఇటు చెవిలో."

వాడికి రోషం వచ్చింది. కొనేవాడి ఎదుట ముసలిది తనని పిల్లాణ్ణి చేసి ఆడిస్తోంది. మా దగ్గర మగవాళ్ళకి ఒక జబ్బు ఉంది. అతిథి ఇంకో ముద్ద తినకపోతే హరామ్ ఒట్టు. బేరం తెగకపోతే హరామ్ ఒట్టు. మాట తప్పితే పెళ్ళాం తనకి నిషిద్ధమని, పెళ్ళాన్ని ఒడ్డి ప్రమాణం చేయడం, సాయంత్రానికి మర్చిపోవడం. ఎదురుగా హాజీలాంటి మనిషి లేకపోతే మర్చిపోవచ్చు.

"గీకు," అన్నాడు హమ్మాది. "గీకు చూద్దాం. దర్జు నీ వైపే నున్నగా ఉంటుంది. కాకుండా సున్నం గడ్డలు నీ వైపు ఉంటే, హాజీగారి ఎదుట చెబుతున్నా, ఆ నడవ నాకు వద్దు. ఈ క్షణం నుంచి నేను ఆ నడవలో కాలు పెడితే నా ఇల్లాలు జీనా నాకు హరామ్."

హాజీ పూసలు ఆపాడు. "విన్నాను," అన్నాడు.

అక్క కొడవలి మొన పూత అంచులో దూర్చింది. పాత పూత. పొరలు పొరలుగా ఉంది, ఏటా ఒక పొర. మొదట పొడి రాలింది. తర్వాత పెద్ద పెళ్ళ ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది. నేను వెళ్ళి సాయం చేయబోయాను. మోచేత్తో నెట్టేసింది.

లోపల ఇటుకలు కనబడ్డాయి. తాత కాలం నాటి ఇటుకలే, తేనె రంగువి. వరసకీ వరసకీ మధ్య సున్నం బయటికి ఉబికి ఉంది. కొన్ని చోట్ల కిందికి కారి, బొటనవేలంత గడ్డలై ఎండిపోయింది. ఒక్క దర్జు కూడా తీర్చి లేదు.

హమ్మాది దగ్గరికి వచ్చి ఒక గడ్డ మీద వేలు పెట్టి చూశాడు. అది విరిగి వాడి చేతిలోకి వచ్చింది.

"దాచుకో," అంది అక్క. "మీ నాన్న నీకిచ్చిన ఆస్తి."

"అక్కా, నోరు—"

"ఏంటి నోరు? మీ నాన్న మూయించి, మా నాన్న మీద వేశాడు. మా నాన్న ఎన్నడూ నోరెత్తలేదు. సందంతా మమ్మల్ని గుమ్మం మూసినవాళ్ళనే అంది. నన్ను చూడవచ్చినవాళ్ళు ఆ మాట విని వెనక్కి పోయారు. తెలుసా నీకు? రెండు సంబంధాలు. మూడోవాడు చెవిటివాడు కాబట్టి చేసుకున్నాడు." హాజీ వైపు తిరిగింది. "నిన్ను కాదులే బాబాయ్."

హాజీ ముఖంలో నవ్వులాంటిది వచ్చింది, వెంటనే పోయింది. గొంతు సవరించుకున్నాడు.

"గుమ్మం తాహెర్ వైపు నుంచి మూశారు. నడవలో అమోర్ భాగం ఎక్కడికీ పోలేదు. కట్టు ప్రకారం పోతే తాహెర్ భాగమే పోవాలి. హమ్మాది తన నోటితోనే వదిలేశాడు కాబట్టి నేను వేరే చెప్పక్కర్లేదు. నౌఫల్, నీకు అమ్మడానికి ఇతని దగ్గర నడవ లేదు."

నౌఫల్ కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "నడవ లేకపోతే వీధి ముఖం లేదు. వీధి ముఖం లేకపోతే నాకు ఈ ఇల్లెందుకు?" అన్నాడు హమ్మాదితో. "మనం బయట మాట్లాడుకుందాం పద."

హమ్మాది రెండు అడుగులు వేశాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

అప్పుడు అర్థమైంది వాడికి. మాకూ అప్పుడే అర్థమైంది.

మా లోగిలిలోంచి బయటికి పోవాలంటే నడవలోంచే పోవాలి. వాడి ఇంట్లోకి పోవాలన్నా నడవలోంచే. నడవలో కాలు పెడితే జీనా హరామ్. హాజీ విన్నాడు. హమ్మాది మా లోగిలిలో చిక్కుకున్నాడు.

అక్క తిరిగి పీట మీద కూర్చుంది. కొడవలి ఒళ్ళో పెట్టుకుంది. "కూర్చో హమ్మాదీ," అంది. "ఇప్పుడు టీ పెడతాను."

నౌఫల్ పైకి చూశాడు. "మేడ ఎక్కి అటు దిగొచ్చుగా?"

"మా సందులో మేడలు ఆడవాళ్ళవి," అన్నాను నేను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అదే. "మగవాడు మేడ మీద నడిస్తే చుట్టుపక్కల ఆడవాళ్ళు రాళ్ళు విసురుతారు. వాళ్ళకి ఆ హక్కు ఉంది."

"హాజీగారూ," అన్నాడు హమ్మాది, గొంతు చిన్నది చేసుకుని. "ఏదో కోపంలో అన్న మాట."

"కోపం లేకుండా ఎవడు అంటాడు ఆ మాట?" అన్నాడు హాజీ.

నౌఫల్ వెళ్ళిపోయాడు. వీధి తలుపు పడిన చప్పుడు వినబడింది. హమ్మాది ఆ చప్పుడు వైపే చూస్తూ నిలబడ్డాడు. నాకు జాలి వేసింది. అక్కకి వేయలేదు. నిప్పు రాజేసి, టీ ఆకు గిన్నెలో పోసి, చక్కెర వేసింది.

కాసేపటికి గోడ అవతలి నుంచి ఆడగొంతు వచ్చింది. హమ్మాది పెళ్ళాం జీనా. గీకుడు చప్పుడుకి వచ్చి అవతలి వైపు చెవి పెట్టినట్టుంది.

"మహబూబా వదినా, నన్ను ఒడ్డాడా ఆయన?"

"ఒడ్డాడమ్మా. ఓడిపోయాడు కూడా."

"ఇది ఎన్నోసారో తెలుసా నీకు? మొన్న గాడిద బేరంలో కూడా ఒడ్డాడు."

"జీనా, లోపలికి పో," అని హమ్మాది అరిచాడు.

"నేను లోపలే ఉన్నాను. బయట ఉంది మీరు. నడవలోంచే రండి. నాకేం. నెఫ్తా బస్సు సాయంత్రం దాకా ఉంటుంది. పుట్టింట్లో మా అన్న వద్దనడు."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. హాజీ తన మంచి చెవిని గోడ వైపు తిప్పుకున్నాడు.

హమ్మాది గోడ దగ్గరికి వెళ్ళాడు. ఇటుకల మీద అరచెయ్యి పెట్టాడు. కాలేజీ మాటలన్నీ అయిపోయాయి.

"అక్కా," అన్నాడు. "ఈ గుమ్మం తియ్యనివ్వు. నేను ఇటునుంచి ఇంటికి పోతాను."

"ఎవరి గుమ్మం అది?"

"ఆడవాళ్ళది."

"మరి ఆడవాళ్ళని అడుగు."

వాడు నావైపు చూశాడు. నేను టీ గ్లాసు చూశాను.

"అడుగుతున్నాను," అన్నాడు.

"ఒకటి చెప్పు ముందు. గుమ్మం తెరిస్తే మళ్ళీ రెండిళ్ళూ ఒకటే. ఒకటైన ఇంటిని ఇద్దరూ ఒప్పుకోకుండా అమ్మడానికి లేదు. నేను ఒప్పుకోను. నా తర్వాత లజహర్ ఒప్పుకోడు. వాడికి చెప్పడం చేతకాదు గానీ ఒప్పుకోకపోవడం బాగా వచ్చు. హోటల్ లేదు, స్ఫాక్స్ లేదు. సరేనా?"

"సరే."

"బాబాయ్ విన్నాడా?"

"ఇటు చెవితోనే విన్నాను," అన్నాడు హాజీ.

అక్క నన్ను సుత్తి, ఉలి తెమ్మంది. తెచ్చాను. నాకు ఇవ్వమని చెయ్యి చాపాను. "ఇది ఆడవాళ్ళ గుమ్మం, నువ్వు పక్కన ఉండు," అంది. అవతల జీనాతో గోడకి ఆనించి పెట్టిన పరుపుల దొంతర పక్కకి జరపమని, అటువైపు సున్నం గీకి ఏ ఇటుక వదులుగా ఉందో చూడమని చెప్పింది. పరుపులు ఈడుస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత కత్తితో గీకుతున్న చప్పుడు.

ఇటువైపు అక్క ఉలి పెట్టి కొట్టింది. ఎనభై ఏళ్ళ చెయ్యి. సున్నం పొడి లేచి ఆమె కనురెప్పల మీద పడింది. గుండె ఎత్తున ఒక ఇటుక కదిలింది. హమ్మాది సాయం చేయబోయి, ఆమె చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో నాలుగు దెబ్బలకి ఇటుక బయటికి వచ్చింది. కన్నంలోంచి జీనా కన్ను కనబడింది.

"వదినా," అంది. అంతే. ఇద్దరూ ఒకే నడవలోంచి ముప్పై ఏళ్ళుగా ముఖాలు తిప్పుకుని నడిచిన మనుషులు.

"ఏడవకు, పని చూడు," అంది అక్క. "అటువైపు దర్జు నున్నగా ఉందా?"

"నున్నగానే ఉంది. బాగా తీర్చాడు. కాదు... ఆగు." జీనా కన్ను కన్నంలోంచి పక్కకి తప్పుకుంది. గీకుడు మళ్ళీ వినబడింది, ఈసారి నెమ్మదిగా. "వదినా, గరిటెతో తీర్చలేదు. చేత్తో రాశారు. వేళ్ళ చాళ్ళు కనబడుతున్నాయి. ఇక్కడ అరచెయ్యి అచ్చు మొత్తం ఉంది, తడి సున్నంలో నొక్కినట్టు. చిన్న చెయ్యి. మేస్త్రీది కాదు వదినా, ఆడమనిషిది."

"మా అమ్మది అయ్యుంటుంది," అన్నాడు హమ్మాది. "మా అమ్మ కోపిష్టిది."

"అత్తది కాదు. అత్త చెయ్యి నాకు తెలియదా?" అంది జీనా. "దీనికి ఉంగరం వేలు సగమే ఉంది."

అక్క చేతిలో సుత్తి ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది.

మా అమ్మ కుడిచేతికి ఉంగరం వేలు సగమే ఉండేది. నేను పుట్టకముందు బావి గిలకలో నలిగి పోయింది. ఆ చేత్తోనే నేను పెద్దయ్యేదాకా నాకు అన్నం పెట్టింది. ఊళ్ళో అలాంటి చెయ్యి ఇంకెవరికీ లేదు. ఆ చెయ్యి తాహెర్ బాబాయి ఇంట్లో నిలబడి, మా ఇంటి వైపుకి గోడ కట్టింది. పాలు తాగే నన్ను ఆ రోజు ఇవతల వదిలి. మా నాన్న దాని మీద ఏటా సున్నం పూసుకుంటూ బతికాడు.

హమ్మాదికీ తెలిసింది. వాడు నోరు తెరవబోయాడు. గుమ్మం మూసింది మా వైపు మనిషే అంటే నడవ మళ్ళీ తన వైపుకి రావచ్చు. తెరవలేదు. వాడి గురించి నేను చెప్పగలిగిన మంచి మాట అదొక్కటే.

హాజీ త్లీలీ చాప మీదనుంచి లేచాడు. ఆయన పూసలు కింద పడ్డాయి. తీసుకోలేదు.

"ఆపు మహబూబా," అన్నాడు. "ఆ ఒక్క ఇటుక చాలు. హమ్మాదిని మేడ మీదనుంచి పంపిద్దాం. ఆడవాళ్ళతో నేను చెబుతాను. గోడని అలా ఉండనివ్వు."

అక్క వెనక్కి తిరిగి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కనురెప్పల మీద సున్నం అలాగే ఉంది.

"ఈ గోడ సంగతి నీకు తెలుసు బాబాయ్."

ఆయన చెవిటి చెవి ఇటు తిప్పాడు.

అక్క కొంగు నడుముకి బిగించింది. ఉలి రెండో ఇటుక అంచున పెట్టింది.

"జీనా," అంది. "మొహం పక్కకి తీసుకో. కొడుతున్నాను."